ఎగుమతి లేఖలలో సంబోధనము
(భానూరులో చదివిన స్మారకోపన్యాసపు పాఠము)



ఎవరి స్మృత్యర్థము మనమిచట సమావేశమైతిమో ఆ పెద్దమనిషి పేరు సభలో పలుకవలదనియు, ముద్రణములో వేయవలదనియు వారి కుటుంబమువారు కోరియున్నారు. ఆ కోరిక ఆయన స్వభావమునకు తగియే యున్నది. ఉద్యోగజీవితమంతయు ఇతరుల సంతకముతో పోవు ఉత్తరములను కూర్చుటలో గడపిన కరెస్పాండెన్సు గుమాస్తా ఆయన. పాతకాలపు టైపు ఉత్తరముల అడుగున, ఎడమ అంచున, వ్రాయించిన అధికారి పొడి అక్షరములు పెద్దవిగాను, ఒక గీటు తరువాత టైపు చేసినవాని పొడి అక్షరములు చిన్నవిగాను ఉండెడివి. ఆ చిన్న అక్షరములకు మించిన గుర్తును ఆయన ఎన్నడును కోరలేదు. కాని ఆ అక్షరములున్న ఉత్తరమును దిద్దకయే సంతకము చేయవచ్చునని ఈ పరిశ్రమవాడలోని పలువురు మేనేజర్లు ఎఱుగుదురు.

ఆయన స్మారకోపన్యాసమునకు విదేశపు కొనుగోలుదారులకు వ్రాయు లేఖలలోని సంబోధనమును విషయముగా ఎన్నుకొంటినని చెప్పగా కొందఱు మిత్రులు నవ్విరి. క్షిపణులును, టర్బైనులును, మందుల ముడిసరకులును తయారగు ఈ చోట, డియర్ సర్ అని యెట్లు వ్రాయవలెనో చెప్పుటకు ఒక సభ కావలెనా యనిరి. మన కల్లములలో ధాన్యము కొలుచు రైతు మొదటి కుంచమును ఒకటి అని లెక్కపెట్టక లాభము అని పలికి, ఆ తరువాతనే రెండు, మూడు అని సాగును. ఆ మొదటి పలుకు అంకె కాకపోయినను, దానిని విడిచి కొలత మొదలుపెట్టినవానిని కల్లమున నిలిచినవారెవ్వరును మెచ్చరు. ఉత్తరమునకు సంబోధనము అట్టిది. ధరవరలు, గడువులు, నాణ్యతాపత్రములు అన్నియు దాని తరువాత వచ్చునవే యైనను, చదువరి కన్ను మొట్టమొదట తన పేరుమీదనే పడును. అది తప్పుగా నున్నచో తక్కిన ఉత్తరమును అతడు కొంచెము అనుమానముతోనే చదువును. తన పేరును సరిచూచుకొనలేనివాడు తన సరకును సరిచూచునా యను సందేహము కొనువానికి కలుగుట అన్యాయము కాదు.

ఈ విషయమును భానూరులో మాటలాడుటకు మఱియొక కారణమును కలదు. 1970లో స్థాపితమైన భారత్ డైనమిక్స్ సంస్థవారి కర్మాగారములలో ఒకటి యిచటనే యున్నది. రష్యా సాంకేతిక సహకారముతో కాంకర్స్ అను ట్యాంకు విధ్వంసక క్షిపణి యిచట తయారగుచున్నది. ఇదే వలయమునందు, రామచంద్రాపురమున, బి.హెచ్.ఇ.ఎల్. వారి కర్మాగారము 1960 దశకమున చెకోస్లోవాకియా సహకారముతో వెలసినది. 1972లో పటాన్‌చెరువులో స్థాపితమైన ఇక్రిశాట్ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల పరిశోధనకై నానాదేశముల శాస్త్రజ్ఞులను మెట్టభూముల నడుమకు రప్పించినది. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ సోవియట్ సహాయముతో హైదరాబాదునందు నెలకొల్పిన కర్మాగారము ఒక తరమునకు ఔషధ రసాయనశాస్త్రమును చేతిపనిగా నేర్పగా, అందుండి నేర్చి వెలువడినవారును, వారిని చూచి నేర్చినవారును ఈ ప్రాంతమును బల్క్ డ్రగ్గుల వాడగా మార్చిరి. 1980లో ఇందిరాగాంధి మెదకునుండి లోక్‌సభకు ఎన్నికైన పిదప ఇచటి పరిశ్రమలు మఱింత ముమ్మరించినవి. చెఱువులకును వాగులకును కలిగిన హాని వేఱొక ఉపన్యాసమునకు విషయము, అదియు చేయవలసినదే. ప్రస్తుతమునకు కావలసినదేమనగా, ఇంగ్లీషు మాతృభాష కాని రష్యను, చెక్, జర్మను, జపాను దేశీయులకు ఇంగ్లీషు మాతృభాష కాని తెలుగువారు ఇంగ్లీషులో ఉత్తరములు వ్రాయవలసిన అవసరము ఈ వాడలో రెండు తరములుగా నిత్యకృత్యమై యున్నది. ఇరువురికిని పరాయిదైన భాషలో మర్యాద చేయబూనినప్పుడు ఎవరి మర్యాద చెల్లవలెనను ప్రశ్న అనివార్యముగా పుట్టును.

ఉత్తరమునకు సంబోధనము కుదుర్చుటలో తెలుగువారు అనుభవము లేనివారు కారు. పై అంచున శ్రీరామ చుట్టి, పెద్దవారికి మహారాజశ్రీ యనియు, పండితులకు బ్రహ్మశ్రీ యనియు, చిన్నవారికి చిరంజీవి యనియు, ముత్తైదువకు చి.ల.సౌ. అనియు, వితంతువునకు గం.భా.స. అనియు వ్రాసి, ఉభయకుశలోపరి అని క్షేమసమాచారములోనికి దిగిన తాతలనాటి కార్డులు మనలో పలువురి యిండ్ల ట్రంకుపెట్టెలలో నేటికిని దొరకును. అందులోని కొన్ని గుర్తులు పోవుటయే మేలైనది. భర్త పోయిన యిల్లాలి దుఃఖమును పోస్టుమాను మొదలు అందఱును చదువునట్లు కవరుమీద మూడు పొడి అక్షరములుగా వేయుట మర్యాద యనిపించుకొనదు. అయినను ఆ పద్ధతిలో ఒక గుణము ఉండెను. శుభలేఖలకు విలాసములు వ్రాయ కూర్చున్న పెద్దాయన ప్రతి పేరు దగ్గఱను కలము ఆపి, ఆమె యున్నదా, అతనికి పెండ్లియైనదా, ఆయనకు ఉద్యోగమున పెద్దఱికము వచ్చినదా యని ఇంటిలోనివారిని అడిగి తెలిసికొనిన పిదపనే వ్రాసెడివాడు. సంబోధనమునకు ముందు విచారణము తప్పనిసరి యని ఆయన యెఱుగును. మన ఎగుమతి కార్యాలయములు పోగొట్టుకొన్నది ఈ విచారణమునే గాని వినయమును కాదు. వినయము కావలసినదానికన్న ఎక్కువగానే యున్నది; ఆ ఎక్కువ యెచటనుండి వచ్చినదో చూతము.

విదేశ వర్తకులనుద్దేశించి తెలుగుదేశమున వెలసిన లిఖితములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మోటుపల్లి అభయశాసనము. క్రీస్తుశకము 1244-45లో కాకతి గణపతిదేవుడు ఆ రేవున దీనిని వేయించెను. గాలివానకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండగా, తాను నియతమైన సుంకము మాత్రమే తీసికొని తక్కినదంతయు విడిచిపెట్టుదునని అందు మాట యిచ్చియున్నాడు. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒకవంతు. వంశప్రశస్తి ఆ శాసనమునందును లేకపోలేదు. కాని వర్తకులను పలుకరించిన చోట మాత్రము, సమస్త ద్వీపములకును పరదేశములకును పట్టణములకును పోవుచు వచ్చుచు నుండు సముద్రవ్యాపారులకు అని వారెవరో వారి వృత్తిని బట్టి స్పష్టముగా చెప్పి, వెంటనే తానిచ్చునదేదియో చెప్పినాడు. ఆ పలుకరింపులో పొగడ్త లేదు, ప్రాధేయత లేదు; ఎవరితో మాటలాడుచున్నాడో తెలిసినవాని నిబ్బరము కలదు. వర్తకలేఖకు ఇంతకన్న మంచి మాదిరిని నేను ఎఱుగను.

అటుపిమ్మట మూడున్నర శతాబ్దములకు మచిలీపట్నమునకు 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వచ్చి, కలంకారి వస్త్రములకై వర్తకస్థానములు నెలకొల్పిరి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు లండనులోని డైరెక్టర్లకు వ్రాసిన లేఖలు ఆనరబుల్ సర్స్ అని మొదలై, మీ మిక్కిలి విధేయులైన వినమ్ర సేవకులము అను అర్థము గల దీర్ఘవాక్యముతో ముగిసెడివి. ఇచట ఒక భేదమును గమనింపుడు. ఆ లేఖలు అమ్మువాడు కొనువానికి వ్రాసినవి కావు. జీతగాడు యజమానికి వ్రాసినవి. కంపెనీ కచ్చేరీలలో కూర్చుండి నకళ్లు వ్రాసిన మన గుమాస్తాలు నేర్చిన ఇంగ్లీషు ఆ జీతగాని ఇంగ్లీషే. నిజాము రాజ్యములో చేరిన ఈ మెదకు సీమయందు వేఱొక పాఠశాల నడచెను. ఇచట ఉర్దూ అర్జీ రాజ్యమేలెను. పైన జనాబే ఆలీ, నడుమ హుజూరువారి దయాదాక్షిణ్యములు, క్రింద ఫిద్వీ, అనగా విధేయుడు, అని సంతకము. అర్జీ వ్రాయువాడు అడుగుకొనువాడు. అతనికి శిస్తు మాఫీ కావలెను, కొడుకునకు నౌకరీ కావలెను, పొలముగట్టు తగవు తీఱవలెను. కంపెనీ గుమాస్తా ఇంగ్లీషును, నిజాము అర్జీయు, రెండు ఏఱులవలె వచ్చి మన నేటి కార్యాలయములలో కలిసి, రెస్పెక్టెడ్ సర్ అను సంబోధనమునందు స్థిరపడినవి.

రెస్పెక్టెడ్ సర్ అనుట తప్పు ఇంగ్లీషని నేను కోపగించుకొనుటలేదు. మన దేశమున హెడ్మాస్టరునకు సెలవుచీటి వ్రాయు బాలునకు ఆ మాట చక్కగా చెల్లును. హాంబర్గులోని కొనుగోలుదారునకు అది చెల్లదు; ఏలయనగా అతడు మన హెడ్మాస్టరు కాడు, మనము అతని దయకై నిలిచినవారమును కాము. అతనికి సరకు కావలెను, మనకు సొమ్ము కావలెను. ఇరువురును సమానముగా అవసరము గలవారు. అర్జీదారు గొంతుతో ధర చెప్పినవానిని కొనువాడు మఱికొంత తగ్గింపుమని అడుగక విడుచునా?

మన పెద్దమనిషి దీనిని ఎట్లు గ్రహించియుండెనో తెలుపు ఒక సంగతి విన్నవించెదను. కార్యాలయమున క్రొత్తగా చేరిన యువకుడొకడు జర్మనీలోని కొనుగోలుదారునకు ఒక ముసాయిదా సిద్ధపఱచి తెచ్చెను. రెస్పెక్టెడ్ సర్ అని ఆరంభము. దాని క్రింద వార్మ్ గ్రీటింగ్స్ ఆఫ్ ది డే. ఆపై ఈ ఉత్తరము మిమ్ము సంపూర్ణారోగ్యముతోను ఉల్లాసముతోను చూచునని ఆశించు ఒక వాక్యము. ఆ తరువాత విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్. కొటేషను అయిదవ పంక్తిలో గాని రాలేదు. పెద్దాయన కళ్లజోడు సవరించుకొని, ఎఱ్ఱ పెన్సిలుతో ఆ నాలుగు పంక్తులను నిలువున కొట్టివేసి, ఫైలులోనుండి ఆ కొనుగోలుదారు పూర్వపు ఉత్తరమును తీసి యువకుని ముందుంచెను. సంతకము చేసినది ఒక స్త్రీ. పేరునకు ముందు డాక్టరు బిరుదము ఉన్నది. పెద్దాయన ముసాయిదా పైన డియర్ డాక్టర్ అని వ్రాసి, ఆమె ఇంటిపేరు చేర్చి, కామా పెట్టి, యువకునివంక చూచి అడిగిన ప్రశ్న యొక్కటే: "ఏమయ్యా, ఈమెకు మనమేమైన బాకీ యున్నామా?"

ఇచట సర్కారు పద్ధతిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. ఏలయనగా మన వాడలో ప్రభుత్వరంగ సంస్థలు పెక్కు, వాటి అలవాటులు చుట్టుపట్ల ప్రైవేటు కంపెనీలకును అంటినవి. కేంద్రప్రభుత్వపు కార్యాలయ విధానములో అధికారిక లేఖకు సర్ లేక మేడం అను సంబోధనము, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ అను ముగింపు, డి.ఓ., అనగా అర్ధాధికారిక, లేఖకు డియర్ శ్రీ ఫలానా, యువర్స్ సిన్సియర్లీ. ఆఫీసు మెమొరాండమునకు సంబోధనమే లేదు, అది ప్రథమపురుషలో నడచును. ఈ విభాగము శాస్త్రీయమైనది, దేశములోపల నిరాక్షేపముగా పనిచేయుచున్నది. చిక్కెచట వచ్చుననగా, మెమొరాండమునకు అలవాటుపడిన చేయి విదేశపు కొనుగోలుదారునకు సంబోధనము లేకయే ది అండర్‌సైన్డ్ ఈజ్ డైరెక్టెడ్ టు సే అని ఆరంభించును. చదువువానికి అది కోర్టు నోటీసువలె తోచును. ఇక మెసర్స్ అను మాట. అది పూర్వము ఇంగ్లండున వ్యక్తుల పేరులతో నడచు భాగస్వామ్య వ్యాపారములకు మాత్రమే చేర్చెడిది. మనము దానిని లిమిటెడ్ కంపెనీకిని, బ్యాంకునకును, విశ్వవిద్యాలయమునకును కూడ తగిలించుచున్నాము. విదేశములకు పోవు కవరుమీద దానిని మానుట మంచిది.

ఇప్పుడు దేశముల వంతు. అన్నిటిని సమముగా చెప్పబోను. మనకు ఎక్కువగా తగులు చోట్లను మాత్రమే ఆగెదను.

బ్రిటిషువారి కట్టడి మనకు పాఠశాలలో నేర్పినదే: పేరు తెలియనిచో డియర్ సర్, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, పేరు తెలిసినచో డియర్ మిస్టర్ ఫలానా, యువర్స్ సిన్సియర్లీ. అమెరికనులు సంబోధనము తరువాత కామాకు బదులు రెండు చుక్కలు పెట్టుదురు. పూర్వము సంస్థకు వ్రాయునప్పుడు జెంటిల్మెన్ అనెడివారు, నేడు దానిని విడిచిరి. జర్మనులకు బిరుదము పేరులోని భాగము. డాక్టరును మిస్టరని పిలిచినచో మొగమున చెప్పకపోయినను మనసున పెట్టుకొందురు. పేరు తెలియనిచో జేర్ గెఎర్టె డామెన్ ఉంట్ హెరెన్, అనగా గౌరవనీయులైన మహిళలకును మహాశయులకును అని ఆరంభించి, కామా పెట్టి, మఱుసటి పంక్తిని చిన్న అక్షరముతో మొదలుపెట్టుదురు. పెద్దక్షరము చిన్నక్షరము అను భేదమే లేని లిపిలో పెరిగిన మన కన్ను దీనిని పట్టుకొనలేదు, జర్మను కన్ను వెంటనే పట్టును. ఫ్రెంచివారు పరిచయము లేనివారిని డియర్ అనరు; వట్టి మెస్యూ అనియో మదాం అనియో పిలిచి, ఇంటిపేరును చేర్చక, లేఖ చివరి దీర్ఘవాక్యములో మొదటి సంబోధనమునే మరల పలుకుదురు. స్పానిషు పేరులో రెండు ఇంటిపేరులుండును, మొదటిది తండ్రివైపుది. గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ అను రచయితను మార్కెజ్ అని చాలమంది తెలుగువారు వ్యవహరింతురు గాని, లేఖలో గార్సియా మార్కెజ్ అని రెండును వ్రాయవలెను.

రష్యనుల పద్ధతి మనకు ముచ్చట గొలుపును. గౌరవముతో పిలువవలసినవానిని వారు పేరును, తండ్రిపేరునుండి పుట్టిన రెండవ పేరును కలిపి పిలిచి, ఇంటిపేరును విడుతురు: ఉవజాయెమీ ఇవాన్ పెత్రోవిచ్ అనిన పిదప ఆశ్చర్యార్థకపు గుర్తు. ఆ గుర్తును చూచి ఈయన మనమీద కేకలు వేయుచున్నాడేమోయని మనవారు కలవరపడనక్కఱలేదు. అది వారి కామా. చెక్ భాషలో సంబోధనమునకు ప్రత్యేక విభక్తి కలదు. ఇంజినీరు బిరుదము గలవానిని పానె ఇంజెనీరె అని ఆ విభక్తిలో పిలువవలెను. చిన్ననాట సంబోధన ప్రథమావిభక్తి వల్లించినవారికి ఇది వింత కాదు.

జపానువారి దగ్గఱ కొంచెము నిలువవలెను. వారి సంప్రదాయలేఖ హైకెయి అని ఆరంభమై, ఋతువును గూర్చి యొక వాక్యము చెప్పి, కెయిగు అని ముగియును. ఈ రెండు మాటలును జంట, ఒకటి వచ్చినచో రెండవది రావలెను. వ్యక్తి పేరునకు సామా, సంస్థ పేరునకు ఒన్‌చూ; రెంటిని కలుపరాదు. ఇంగ్లీషులో వ్రాయునప్పుడు ఇంటిపేరునకు సాన్ చేర్చినచో చాలును. ఇంతవఱకు ఏ పుస్తకమైనను చెప్పును. పుస్తకములు సామాన్యముగా చెప్పని దొకటి కలదు. తన పేరునకు తాను గారు తగిలించుకొనని తెలుగువాడు, తన పై అధికారిని గూర్చి బయటివారికి చెప్పునప్పుడు మాత్రము మా ఎం.డి. గారు అనకుండలేడు, అదియే ఇంగ్లీషులో అవర్ ఎం.డి. సర్ హాజ్ అప్రూవ్డ్ అని బయలుదేరును. జపాను ఉద్యోగి బయటివారితో మాటలాడునప్పుడు తన సంస్థ అధ్యక్షుని పేరునకుకూడ సాన్ చేర్చడు. తనవారినందఱిని తగ్గించి చెప్పుట ఎదుటివానికి చేయు మర్యాద. మన యింటి పెద్దను మనమే పొగడుచు వచ్చిన ఉత్తరము అతనికి ఎంత విపరీతముగా తోచునో ఊహించుకొనుడు.

కొన్ని దేశములలో ఇంటిపేరను వస్తువే లేదు. 2017లో భారత్ డైనమిక్స్ సంస్థ మ్యాన్మారునకు తేలికపాటి టార్పెడోలను సరఫరా చేయుటకు ఒప్పందము చేసికొన్నది. అట్టి దేశమునకు వ్రాయునప్పుడు ఊ అనునది పేరు కాదు, గౌరవవాచకమని తెలియవలెను. 1961 నుండి 1971 వఱకు ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శిగా నుండిన ఊ థాంట్ గారి పేరు వట్టి థాంట్. మిస్టర్ ఊ అని పిలుచుట మన శ్రీరాములుగారిని మిస్టర్ గారు అనుట వంటిది. రంగూనులో తరతరములు బ్రతికి, కోరంగి రేవు పేరుతో పిలువబడిన మన తెలుగువారికి ఇది తెలిసినదే. వారి మనుమలమైన మనము మఱచితిమి. గల్ఫు అరబ్బులకును, థాయి దేశీయులకును మిస్టరు చేర్చవలసినది తొలిపేరునకే. థాయిలో ఖున్ అందురు. కావున మిస్టర్ జాన్ అని అమెరికనునకు వ్రాసిన తప్పే, మిస్టర్ అహమ్మద్ అని దుబాయికి వ్రాసినపుడు ఒప్పగుచున్నది.

ఈ తికమక మనకును జరుగుచున్నదే. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పండితునకు బ్రిటిషు ప్రభుత్వము సర్ బిరుదము నిచ్చెను. ఆంగ్లేయ మర్యాదలో ఆ బిరుదము తొలిపేరుతోనే కలియవలెను. తొలుత వ్రాయబడినదే తొలిపేరని వారు తలంతురు. కావున ఆక్స్‌ఫర్డులో 1936 నుండి 1952 వఱకు ఆచార్యపదవి నలంకరించిన ఆ మహనీయుడు ఆంగ్లేయుల కలమున సర్ సర్వేపల్లి యయ్యెను. అనగా నెల్లూరు సీమలోని ఒక గ్రామమునకు బిరుదము దక్కినది. ఇంటిపేరు ముందు, ఇచ్చిన పేరు వెనుక వ్రాయు అలవాటు జపానువారికిని, చీనావారికిని, హంగరీవారికిని కలదు. కాని ఆ సంగతిని వారు తమ కొనుగోలుదారులకు తెలియజేయుదురు, మనము చేయము. మూడు పొడి అక్షరములు, ఒక పేరు, చివర రెడ్డి యనియో రావు అనియో శర్మ యనియో వేసి సంతకము చేసి, డియర్ మిస్టర్ రెడ్డి అని బదులు వచ్చినప్పుడు, విభాగములో సగమునకు పైగా ఉన్న రెడ్లలో ఈయన ఎవరో తేల్చుకొనలేక ఉత్తరమును బల్లనుండి బల్లకు త్రిప్పుచున్నాము. ఇందు తప్పు ఎవరిది? న్గుయెన్ అను ఇంటిపేరు ఊరూర నున్న వియత్నాము దేశీయులు ఈ చిక్కును గ్రహించియే, ఇంటిపేరుతో గాక ఇచ్చిన పేరుతో పిలుచుకొందురు.

స్త్రీలకు వ్రాయు లేఖలను గూర్చి. డియర్ సర్స్ అను బహువచనమును, చదువువారిలో స్త్రీలుండరను పూర్వకాలపు ఊహతో పుట్టినదని, బ్రిటనులోని పెద్ద న్యాయవాద సంస్థలుకూడ ఇటీవలి కాలమున మానుచు వచ్చినవి. మనము మానుటకు ఆలస్యమేల? వివాహితయో కాదో మనకు అక్కఱలేని చోట మిజ్ చాలును. స్త్రీయో పురుషుడో పేరునుబట్టి తేలనిచో, బిరుదము వేయక, పేరును పూర్తిగా వ్రాసినచో ఎవరికిని నొప్పి కలుగదు.

టెలెక్సు కాలమున నిమిషమునకింత అని ఛార్జి యుండుటచే సంబోధనము కరగి, అటెన్షను ఫలానా అను ఒక పంక్తిగా మిగిలెను. టెలిగ్రాములో మాటకింత యని వసూలు గనుక అదియు పోయెను. ఈమెయిలు వచ్చి, కాసు ఖర్చు లేని చోటు మరల దొరికినది. దానిలో మనము వేసినదేమనగా, ఒక కొసన హాయ్, వేఱొక కొసన పై నేను చెప్పిన నాలుగు పంక్తుల ఆశీర్వచనము. ఇచట అమెరికా ఆహార ఔషధ పాలనాసంస్థవారి లేఖలు ఒక పాఠము నేర్పగలవు. వారి తనిఖీదారులు 483 సంఖ్య గల ఫారముమీద లోపములు వ్రాసి యిచ్చినచో పదునైదు పనిదినములలో సమాధానము పంపవలెనని మన మందుల కంపెనీలలో పసివానికైనను తెలియును. ఆ సమాధానముతో వారు తృప్తిపడక హెచ్చరికలేఖ పంపినప్పుడు, అదియు డియర్ మిస్టర్ ఫలానా అనియే, రెండు చుక్కలతోనే మొదలగును. లోపల సరకును దేశములో అడుగుపెట్టనీయమను మాట యున్నను పైన సంబోధనము చెదరదు. కోపము వచ్చినప్పుడు సర్ అను మాట తీసివేయుట, ఆర్డరు వచ్చినప్పుడు రెస్పెక్టెడ్ అను మాట చేర్చుట మన అలవాటు. సంబోధనము మనసులోని ఎండవానలను చూపు యంత్రము కాదు.

ఇన్ని దేశముల కట్టుబాట్లను ఏ గుమాస్తా గుర్తుంచుకొనగలడని అడుగుదురేమో. గుర్తుంచుకొనవలసిన పని లేదు. మన పెద్దమనిషి వద్ద ఒక రూళ్ల నోటుపుస్తకము ఉండెడిది. విదేశమునుండి వచ్చిన ప్రతి ఉత్తరపు సంతకమును, దాని క్రింది టైపు పేరును, బిరుదమును ఆయన అందులో ఎక్కించుకొని, ప్రక్కన ఎట్లు పిలువవలెనో వ్రాసికొనెడివాడు. అవతలివారు రెండవ ఉత్తరమున తొలిపేరుతో మాత్రమే సంతకము చేసినచో, ఇక మనమును తొలిపేరుతో పిలువవచ్చునను అనుమతిగా దానిని గ్రహించి, తేదీ వేసికొని, ఆ మార్పును నమోదు చేసెడివాడు. అనుమానము తగిలినచో విదేశములకు పోయివచ్చిన సేల్స్ మేనేజరును పట్టుకొని విజిటింగు కార్డు అడిగెడివాడు. కార్డులేనిచో మిమ్ము ఎట్లు సంబోధింపవలెనో తెలుపగోరెదను అని ఒక పంక్తి వ్రాసి అవతలివారినే అడిగెడివాడు. ఆ పంక్తి వ్రాయుటకు మన కార్యాలయములలో ఇంకను సిగ్గుపడుచున్నారు.

ఈ సభలోనున్న యజమానులను, మేనేజర్లను రెండు కోరికలు కోరుచున్నాను. మొదటిది, మీ మీ ఎగుమతి విభాగములలో అట్టి పట్టిక నొకదానిని, నోటుపుస్తకముననైనను కంప్యూటరుననైనను, ఉంచి, సంబంధిత ఉద్యోగి మాఱినప్పుడు దానిని అతని స్థానమున వచ్చినవాని స్వాధీనమున చేర్పుడు. ఎన్నో ఏండ్ల పరిచయము ఒక రాజీనామాతో పోవుటను నేను ఈ వాడలో తఱచుగా చూచియున్నాను. రెండవది, మీ సంతకముల క్రింద పొడి అక్షరములను విప్పి, ఇంటిపేరేదో, పిలువవలసిన పేరేదో, శ్రీమతియో శ్రీయో తెలియునట్లు ఒక పంక్తి అచ్చు వేయించుడు. ముద్రాపకునకు దానికై పైసా అదనముగా ఇయ్యనక్కఱలేదు.